విలియం కౌపరు: చీకటిలోను విడువబడని కీర్తనకారుడు

చదువవలసిన వేదభాగములు: 1 రాజులు 19:1–18, కీర్తన 88, రోమా 8:31–39

కీర్తనల గ్రంథములో మొర్రతో ప్రారంభమై స్తోత్రముతో ముగియునవి అనేకములు కలవు. 88వ కీర్తన అట్టిది కాదు. రక్షణకర్తయగు దేవుని పిలుచుటతో అది మొదలగును. చీకటిని గూర్చిన మాటతో ముగియును. నడుమ ఎక్కడను వెలుగు కానరాదు. అయినను ఆ కీర్తన వేదములో నున్నది. దేవుని ప్రజలలో కొందరు అట్టి చీకటిలో నడుతురనియు, వారి మొర్రయు ప్రార్థనయే యనియు దానివలన మనకు తెలియుచున్నది.

ఈ మాసము మనము తలంచుకొనబోవు విలియం కౌపరు అట్టివారిలో ఒకడు. ఆయన ఇంగ్లండు దేశపు గొప్ప కవి. అనేక దేశముల క్రైస్తవులు పాడు కీర్తనలు వ్రాసినవాడు. జీవితమంతయు ఆందోళన వ్యాధితోను, దాని వెంట వచ్చిన కృంగుదలతోను పోరాడినవాడు.

బాల్యము

కౌపరు 1731వ సంవత్సరము నవంబరు నెలలో, లండను నగరమునకు వాయవ్యముననున్న బర్కమ్‌స్టెడ్ అను ఊరిలో జన్మించెను. తండ్రి జాన్ కౌపరు ఆ ఊరి దేవాలయపు గురువు. 1737లో తల్లి ప్రసవానంతరము మరణించెను. అప్పటికి విలియమునకు ఇంకను ఆరు సంవత్సరములు నిండలేదు. ఆ దుఃఖము ఆయనను ఎన్నడును విడువలేదు. 53 సంవత్సరముల తరువాత, 1790లో, బంధువు ఒకామె తల్లి చిత్రపటమును పంపగా, ఆయన దానిని ముద్దుపెట్టుకొని, రాత్రి కన్నుమూయకముందు కడసారి కనబడునట్లు పడకకెదురుగా తగిలించుకొనెను.

తల్లి పోయిన తరువాత ఆ పసివానిని దూరపు బడిలో ఉంచిరి. అక్కడ సుమారు పదునైదేండ్ల బాలుడొకడు ఈ బాలుని రహస్యముగా హింసించుచుండెను. కౌపరు వాని ముఖము చూచుటకైనను భయపడి తల ఎత్తక యుండెను. వానిని ముఖమునుబట్టి కాక, బూట్ల మీది బిళ్లలనుబట్టి గుర్తుపట్టెడివాడు. కొంతకాలమునకు ఆ సంగతి బయలుపడి హింసకుని బడినుండి వెళ్లగొట్టిరి. గాని పసి మనస్సులో నాటిన భయము వెంటనే వెళ్లిపోదు. పిల్లలను బడికిని హాస్టలునకును పంపు తలిదండ్రులు ఈ సంగతిని మరువకుందురు గాక.

పరీక్ష భయము

తరువాత ఆయన లండనులోని వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో లాటిను, గ్రీకు భాషలు చక్కగా నేర్చెను. తండ్రి ఇష్టప్రకారము న్యాయశాస్త్రము చదివి, 1754లో న్యాయవాదియాయెను. అంతకు కొంచెము ముందుగానే మొదటిసారి దిగులు ఆయనను పట్టెను. చదువు సహింపలేదు, లేచినది మొదలు పండుకొనువరకు మనస్సు కలత చెందియుండెను. సుమారు ఒక సంవత్సరమునకు అది తగ్గెను.

1763లో బంధువొకడు ఆయనకు మంచి ఉద్యోగము ఇప్పించబూనెను. అది ఇంగ్లండు పార్లమెంటులోని ప్రభువుల సభలో, సభా కార్యములు వ్రాసిన పుస్తకములను భద్రపరచు గుమాస్తా పని. కష్టమైనది కాదు, జీతము మంచిది, జీవితాంతము ఉండునది. అయితే మరియొక పక్షమువారు ఆ నియామకమునకు అడ్డు చెప్పిరి. కౌపరు సభ యెదుట నిలువబడి, తనకు ఆ పని తెలియునని ప్రశ్నలకు ఉత్తరమిచ్చి రుజువు చేయవలెనని నిర్ణయమాయెను.

ఈ మాట వినినది మొదలు ఆయనకు నెమ్మది పోయెను. నెలల తరబడి ప్రతిదినము ఆ కచ్చేరికి వెళ్లి, పుస్తకములు తెరచి చదువుచుండెను గాని ఒక్క సంగతియు తలకెక్కలేదు. కన్నులు అక్షరములమీద నడుచుచుండెను. మనస్సు మాత్రము పరీక్ష దినమునందే నిలిచియుండెను. వేసవిలో మార్గేటు అను సముద్రతీరపు ఊరికి వెళ్లగా కొంత ఊరట కలిగెను. తిరిగి వచ్చి ఆ కచ్చేరి మెట్లెక్కగానే భయము మరల మీద పడెను.

ప్రియ చదువరులారా, ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపుడి. ఈయన మందమతి కాడు. ఈయనయే తరువాత గ్రీకు మహాకవియగు హోమరుయొక్క రెండు మహాకావ్యములను ఇంగ్లీషు పద్యములుగా అనువదించి 1791లో ప్రచురించెను. అంత గొప్ప మనస్సు ఒక గుమాస్తా పని నేర్చుకొనలేక పోయెను. ఏలయనగా భయము మనస్సులోని చోటునంతయు ఆక్రమించుకొనినప్పుడు, చదువునకును జ్ఞాపకమునకును చోటు మిగులదు. కొద్దిపాటి భయము మనుష్యుని మేల్కొలుపును. మితిమీరిన భయము తెలిసిన సంగతినికూడ మరపించును. కలగిన నీటిలో నీడ కనబడదు; అంతమాత్రమున చెరువులో నీరు లేదని అనరాదు గదా.

పరీక్ష దినము సమీపించెను. తాను చచ్చుటయే మేలని తలంచి కౌపరు పలుమారులు ప్రాణము తీసికొన యత్నించెను. ప్రతిసారియు దేవుడు ఆయనను తప్పించెను. ఆ ఉద్యోగము వద్దని బంధువు విడిచిపెట్టెను. అయినను తాను క్షమింపరాని పాపము చేసితిననియు, దేవుడు తన్ను శపించెననియు ఆయన నిశ్చయించుకొనెను. భయమను వ్యాధి ఇప్పుడు భక్తి వేషము ధరించి ఆయనయొద్దకు వచ్చెను.

వైద్యుడును వాక్యమును

ఆ కాలములో మతి చెడినవారిని గొలుసులతో కట్టి కొట్టు స్థలములు ఉండెను. కొన్ని ఆస్పత్రులలో చూపరులు వినోదముగా వచ్చి రోగులను చూచి నవ్వెడివారు. కౌపరు తమ్ముడు జాన్ ఆయనను అట్టి స్థలమునకు పంపలేదు. 1763 డిసెంబరులో సెయింట్ ఆల్బన్స్ అను పట్టణములో డాక్టరు నథానియేల్ కాటను నడిపించు చిన్న చికిత్సాలయములో చేర్చిరి. ఈ డాక్టరు దైవభక్తి గలవాడు. పిల్లల కొరకు నీతి పద్యములు వ్రాసినవాడు. రోగులను తన ఇంటివారివలె దయతో చూచుకొనెను. కౌపరుతో ఓపికగా మాటలాడెను. కాలక్రమమున ఆహారము, నిద్ర కుదుటపడెను.

1764 జూలై నెలలో తమ్ముడు చూడవచ్చి మాటలాడగా మేఘము కొంత తొలగెను. ఆ దినములలోనే తోటలో నడుచుచుండగా, బెంచిమీద ఒక బైబిలు కనబడెను. తెరవగా యోహాను సువార్త 11వ అధ్యాయము, లాజరును లేపిన సంగతి వచ్చెను. యేసుప్రభువు కనికరము ఆయన హృదయమును తాకెను. కొలది దినములకు మరల తెరచి రోమా 3:25 చదివెను. క్రీస్తు రక్తమందలి విశ్వాసముచేత కలుగు ప్రాయశ్చిత్తము తనకును చాలునని ఆయన నమ్మెను. అప్పుడు కలిగిన సంతోషము ఎంత గొప్పదనగా, ఇది మరల ఉన్మాదమేమో అని డాక్టరు కొంత భయపడెను! అందుచేత వెంటనే పంపివేయక, 1765 జూన్ వరకు తనయొద్దనే ఉంచెను.

దేవుడు వైద్యుని వాడెనా, వాక్యమును వాడెనా? రెంటిని వాడెను. ఆ బైబిలు వైద్యుని తోటలోనే దొరకెను. వైద్యుని దయచేత శరీరము నెమ్మదించిన తరువాత వాక్యము చెవిని బడెను. ఏలీయా బదరీవృక్షము క్రింద పండుకొని చావు కోరినప్పుడు దేవుడు చేసినదియు ఇదియే. మొదట నిద్ర, రొట్టె, నీళ్లు. మరల నిద్ర, రొట్టె. దీర్ఘ ప్రయాణము తరువాతనే మెల్లని స్వరము. అలసిన సేవకుని దేవుడు మొదట గద్దింపలేదు; భోజనము పెట్టెను.

ఓల్నీ దినములు

చికిత్సాలయము విడిచిన తరువాత కౌపరు హంటింగ్డను అను ఊరిలో అన్విను అను గురువు కుటుంబముతో కలిసి నివసించెను. 1767లో ఆ గురువు గుఱ్ఱముమీదనుండి పడి చనిపోయెను. ఆ దుఃఖములో పరామర్శింపవచ్చినవాడు జాన్ న్యూటను. ఒకప్పుడు బానిసలను మోయు ఓడకు నాయకుడైయుండి, కృపచేత మారి, ఓల్నీ అను ఊరి గురువైనవాడు. ఆయన ఆహ్వానముమీద కౌపరును, విధవరాలగు మేరీ అన్విను అమ్మగారును ఓల్నీకి వచ్చి స్థిరపడిరి. ఈ అమ్మగారు అప్పటినుండి చనిపోవువరకు, సుమారు 30 సంవత్సరములు, ఆయనను తల్లివలె కాపాడెను.

ఓల్నీ ప్రజలలో అనేకులు లేసు అల్లి పొట్టపోసికొను బీదలు. మన నరసాపురపు లేసు ఎరిగినవారికి ఆ పనిలోని కన్నుల కష్టము తెలియును. కౌపరు ఆ బీదల ఇండ్లకు వెళ్లి రోగులను దర్శించుచు, ప్రార్థనకూటములలో పాలుపొందుచుండెను. న్యూటను ఆయనను బహిరంగముగా ప్రార్థించుమని కోరినప్పుడు, కూటమునకు ముందు గంటల తరబడి ఆయన వణకుచుండెను. అయినను నోరు తెరచి ప్రార్థన మొదలుపెట్టగానే ఆ వణకు పోయెడిది. వినినవారికి అది గొప్ప ఆశీర్వాదముగా ఉండెడిది. ప్రభువుల సభ యెదుట నిలువలేనివాడు బీదల నడుమ దేవుని సింహాసనము నెదుట నిలిచెను. తీర్పు తీర్చువారి ముందర పెదవి మెదపలేనివానికి, ప్రేమించువారి నడుమ నోరు తెరువబడును. మన కూటములు ఈ రెంటిలో ఎట్టివో మనమే పరీక్షించుకొనవలెను.

న్యూటనును కౌపరును కలిసి తమ కూటముల కొరకు కీర్తనలు వ్రాయ మొదలిడిరి. 1779లో ఓల్నీ కీర్తనలు అను పేరుతో అవి అచ్చుపడెను. ఆ పుస్తకములోని 348 కీర్తనలలో సుమారు 67 కౌపరువి. జెకర్యా 13:1 ఆధారముగా, పాపమును కడుగు ఊటను గూర్చి ఆయన వ్రాసినది వాటిలో మిక్కిలి ప్రసిద్ధి చెందెను. దేవుని మార్గములు మనకు అంతుచిక్కనివైనను, కారుమేఘము వెనుక ఆయన కనికరమే ఉన్నదని తెలుపు కీర్తనయు ఆయనదే.

తెలుగువారమగు మనకును ఆ చిన్న ఊరితో ఒక సంబంధము కలదు. ఓల్నీలోని బాప్తిస్టు సంఘమే 1786లో విలియం కేరీగారిని వాక్యోపదేశమునకు ప్రత్యేకించెను. ఆయన 1793లో భారతదేశమునకు వచ్చి, 1814లో తెలుగు వ్యాకరణ గ్రంథమును ప్రచురించెను.

రెండవ చీకటి

1773 జనవరిలో వ్యాధి మరల వచ్చెను. ఫిబ్రవరిలో ఒక రాత్రి కలలో, తనకు ఇక నిరీక్షణ లేదను మాట వినినట్లు ఆయనకు తోచెను. ఆ కలను దేవుని తీర్పుగా నమ్మెను. అది మొదలు చనిపోవువరకు ఆయన దేవాలయములో అడుగుపెట్టలేదు. దేవుడు మంచివాడనియు, క్రీస్తు రక్షకుడనియు ఎన్నడును సందేహింపలేదు. ఆ రక్షణ అందరికిని కలదు, తనకు మాత్రము లేదని నమ్మెను. ఇది అవిశ్వాసము కాదు. వ్యాధి పలికిన అబద్ధము.

ఆ సంవత్సరము అబ్రాహామువలె తనను తానే బలిగా అర్పించుకొనవలెనని దేవుడు ఆజ్ఞాపించెనని కూడ ఆయన తలంచెను. మరియొక సమయమున ఆయన వ్యాధిలో మాట పలుకులేక కూర్చుండియుండగా, అన్విను అమ్మగారు బుద్ధిగల పని చేసెను. ఆయనతో వాదింపలేదు, గద్దింపలేదు. ప్రొద్దు బాగున్నది, కొంచెము నడువవలెనని యున్నదని మాత్రము చెప్పెను. మర్యాదస్థుడగు కౌపరు వెంటనే లేచి ఆమెకు చేయి ఆసరా ఇచ్చెను. ఇద్దరును నడిచిరి. బిగిసిన ముడి ఆ మేరకు సడలెను.

జాన్ న్యూటను చేసినదియు చెప్పదగినది. వ్యాధిలోనున్న కౌపరు గురువుగారి ఇంటిలోనే ఉండగోరి, 1773 ఏప్రిలు మొదలు మరుసటి సంవత్సరము మే వరకు, సుమారు 13 నెలలు అక్కడనే ఉండిపోయెను. న్యూటనును ఆయన భార్యయు విసుగక భరించిరి. కేవలము ప్రార్థనతో ఊరకుండక డాక్టరు కాటను సలహానుకూడ అడిగిరి. భక్తి ఎక్కువై కౌపరునకు మతి చెడినదని కొందరు తరువాతి రచయితలు న్యూటనుమీద నింద వేసిరి. అయితే మొదటి దిగులు ఆయన యౌవనములోనే, న్యూటనును ఎరుగకమునుపే వచ్చెను. సువార్త ఆ వ్యాధిని పుట్టింపలేదు. సువార్త గల స్నేహితులు ఆ వ్యాధిలో ఆయనను బ్రతికించిరి.

కుందేళ్లు, తోట, కవిత్వము

1774లో కౌపరు కొంచెము తేరుకొనెను. పొరుగు పిల్లలు ఒక అడవి కుందేలును తెచ్చి ఇయ్యగా దానిని పెంచెను. తరువాత మరి రెండు చేరెను. పస్, టైనీ, బెస్ అని వాటికి పేర్లు పెట్టెను. వాటి కొరకు స్వయముగా గూళ్లు చేసెను. పస్ జబ్బుపడినప్పుడు సేవచేయగా, అది ఆయన చేతిని నాకి కృతజ్ఞత చూపెను. ఆ కుందేలు సుమారు 12 సంవత్సరములు బ్రతికెను. వడ్రంగము, తోటపని, దోసపాదులు పెంచుట, నడక, ఉత్తరములు వ్రాయుట: ఇవి ఆయన దినచర్య. చేతులకు పని కలిగిన మట్టుకు మనస్సు తన్ను తాను కొరుక్కొనుట మానెను.

50 సంవత్సరములు దాటిన తరువాత కౌపరు కవిగా దేశమంతట పేరొందెను. 1782లో మొదటి సంపుటము, 1785లో ది టాస్క్ అను దీర్ఘకావ్యము వెలువడెను. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగా ఆయన వ్రాసిన పద్యములు ఆ ఉద్యమమువారిచే దేశమంతట పంచబడెను. 1807లో బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించెను. ఆయన అది చూడలేదు గాని, ఆ పనిలో ఆయన పాలు కలదు. తనకు నిరీక్షణ లేదనుకొనినవాడు సంకెళ్లలో నున్నవారి నిరీక్షణ కొరకు వ్రాసెను.

తుది దినములు

1791, 1792 సంవత్సరములలో అన్విను అమ్మగారికి పక్షవాతము వచ్చెను. కౌపరు ఆమెకు సేవచేయుచు తానును కుంగిపోయెను. ఆ కాలపు వైద్యులయొద్ద ఆందోళనకు తగిన మందు లేదు. సింకోనా బెరడు, జేమ్స్ పొడి అను జ్వరపు మందు, రాత్రి నిద్రకై లాడనము ఇచ్చుచుండిరి. లాడనము అనగా సారాయిలో నల్లమందు కలిపిన మందు. అది కొన్ని గంటలు బాధను మరపించును గాని వ్యాధిని బాగుచేయదు. అలవాటై మనుష్యుని పట్టుకొనును. కౌపరు దానిని పుచ్చుకొనెను. చీకటి మాత్రము పోలేదు.

ఇంకొక మందునుకూడ ఆయన ఆశ్రయించెను. ఓల్నీలో శామ్యూల్ టీడను అను బడిపంతులు ఉండెను. కౌపరు విషయమై ప్రార్థించినప్పుడు దేవుడు తనకు ఉత్తరములు బయలుపరచుచున్నాడని అతడు చెప్పెను. కౌపరు అతనికి డబ్బు సహాయము చేయుచు, కొన్ని సంవత్సరములు ఆ మాటలను నమ్ముకొనెను. వాగ్దానములు ఒకటి వెంట ఒకటి వచ్చెను. నెమ్మది మాత్రము రాలేదు. వ్యాధిగ్రస్థుడు వేదములోని వాగ్దానమును విడిచి, పరుల దర్శనములను ఆనుకొనినయెడల, ఆశ భంగమైన ప్రతిసారియు మరింత లోతునకు పడును.

1794లో రాజు ఆయనకు సాలుకు 300 పౌనుల పింఛను ఏర్పరచెను. ఆ వార్త వచ్చునప్పటికి సంతోషించు స్థితి ఆయనకు లేదు. 1795లో జాన్ జాన్సను అను యౌవనుడగు బంధువు ఇద్దరు రోగులను నార్ఫక్ ప్రాంతమునకు తీసికొనిపోయి ప్రేమతో సాకెను. 1796 డిసెంబరులో అన్విను అమ్మగారు కన్నుమూసెను. 1800 ఏప్రిలు 25న ఈస్ట్ డీరమ్ అను పట్టణములో కౌపరు మృతినొందెను. మరణించిన తరువాత ఆయన ముఖమునందు నెమ్మదియు, పరిశుద్ధమైన ఆశ్చర్యమువంటి భావమును చూచితినని జాన్సను తెలిపెను. మనము దానిమీద సిద్ధాంతము కట్టనక్కరలేదు. మన రక్షణ మన ముఖమునందుగాని, మన భావములయందుగాని లేదు. మనము ఆయనను పట్టుకొనిన పట్టు సడలినను, ఆయన మనలను పట్టుకొనిన పట్టు సడలదు.

మనము నేర్చుకొనవలసినది

మొదటిది: ఆందోళన వ్యాధి పాపము కాదు, అవిశ్వాసమునకు గురుతు కాదు. ప్రతివానికిని అప్పుడప్పుడు కలుగు చింత వేరు. రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువు చెప్పినది ఆయన బిడ్డలను ఓదార్చుటకే గాని, రోగిని కొట్టుటకు కఱ్ఱగా వాడుటకు కాదు. నెలల తరబడి గుండెదడ, నిద్రలేమి, ఊపిరి ఆడనట్లుండుట, చదివినది నిలువకపోవుట, పనికిని కూటమునకును వెళ్లలేకపోవుట: ఇవి వ్యాధి లక్షణములు. జ్వరము వచ్చినవానిని వైద్యునియొద్దకు తీసికొనిపోవునట్లే వీరినికూడ తీసికొనిపోవలెను. పరీక్షలకు చదువుచున్న మీ పిల్లలలో ఎవరైనను పుస్తకము ముందర కూర్చుండి ఏమియు తలకెక్కుట లేదని ఏడ్చినయెడల, సోమరియని తిట్టకుడి. కౌపరును జ్ఞాపకము చేసికొనుడి.

రెండవది: మందు దేవుని దానమే, గాని మందు దేవుడు కాదు. హిజ్కియా పుండుమీద అంజూరపు పండ్ల ముద్దను వేయించినవాడు యెషయా ప్రవక్తయే (2 రాజులు 20:7). పౌలు తిమోతి కడుపు జబ్బును మరువలేదు (1 తిమోతి 5:23). వైద్యుడగు లూకాను ప్రియుడని పిలిచెను (కొలొస్సయి 4:14). కౌపరు కాలమున లేని మందులు నేడు కలవు. వాటిలో ముఖ్యముగా రెండు తెగలను ఎరిగియుండుట మంచిది.

ఒక తెగ త్వరగా నెమ్మదినిచ్చు మాత్రలు. 1960లో లిబ్రియం, 1963లో వాలియం అను పేర్లతో ఇవి వాడుకలోనికి వచ్చెను. డయాజెపాం, లోరజెపాం, అల్ప్రజోలం ఈ తెగవి. మెదడులోని ఉద్రేకమును అణచు గాబా అను సహజ పదార్థముయొక్క పనిని ఇవి బలపరచును. కొలది దినములు, వైద్యుని ఆజ్ఞ ప్రకారము వాడినయెడల మేలు. అయితే ఇవి మగతను కలిగించును. క్రొత్తగా చదివినది జ్ఞాపకమున నిలువనీయవు. చేతులను కాళ్లను మందగింపజేయును. కాబట్టి పరీక్షకు ముందు ధైర్యమునకై ఒకరి మాత్ర మరియొకరు మ్రింగరాదు. మ్రింగి బండి, ట్రాక్టరు నడుపరాదు. వృద్ధులు పడి ఎముకలు విరుగగొట్టుకొందురు. సారాయితో కలిసిన ప్రాణాపాయము. ఎక్కువ కాలము వాడినయెడల అలవాటై పట్టుకొనును. ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలుకూడ రావచ్చును. తెలంగాణములో కల్తీ కల్లులో కలుపబడినది ఈ అల్ప్రజోలమే. 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆ కల్లు హఠాత్తుగా ఆగిపోగా, అలవాటుపడినవారు వణకుచు, పిచ్చిగా మాటలాడుచు ఆస్పత్రుల పాలైరి. లాడనము చేసిన కీడే పేరు మార్చుకొని మన ఊళ్లకు వచ్చెను.

రెండవ తెగ సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రాం మొదలగునవి. ఇవి నిదానముగా, కొన్ని వారములకు గుణమిచ్చును. మొదట వికారమో, కలవరమో ఉండవచ్చును. యౌవనస్థుల విషయమై మొదటి వారములలో ఇంటివారు మెలకువతో కనిపెట్టియుండవలెను. ఇవి సాధారణముగా జ్ఞాపకశక్తిని మొద్దుపరచవు. భయము తగ్గిన కొలది అనేకులకు చదువును పనియు మరల సాగును. గుణము కనబడగానే స్వంత నిర్ణయమున మానరాదు. వైద్యుడే మెల్లగా తగ్గింపవలెను. మందుతోపాటు, లేక మందు లేకుండ, భయపు తలంపులను పరీక్షించి, భయపడు సంగతులను కొద్దికొద్దిగా ఎదుర్కొన నేర్పు మాటల చికిత్సయు కలదు. అదియు మిక్కిలి మేలు చేయుచున్నది.

మూడవది: ప్రార్థించితిమి గనుక మాత్రలు పారవేయుమని ఎవరితోను చెప్పకుడి. న్యూటను మోకాళ్లూనెను, వైద్యుని అడుగుటకును సిగ్గుపడలేదు. దర్శనము కలిగెనని చెప్పి రోగుల సొమ్ము తీసికొనువారిని మీ ఇండ్లలో చేరనీయకుడి.

నాలుగవది: చచ్చుట మేలని ఎవరైనను పలికినయెడల, ఊరక అనుచున్నారని కొట్టివేయకుడి. ఆ ఆలోచన కలదా అని నెమ్మదిగా అడుగుడి. ఒంటరిగా విడువకుడి. ఆ దినమే ఆస్పత్రికి తీసికొనిపొండు. భారత ప్రభుత్వము 2022లో టెలీ మానస్ అను సహాయమును స్థాపించెను. 14416 అను నంబరునకు టెలిఫోను చేసినయెడల తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.

ఐదవది: మీరు వైద్యులు కాకపోయినను అన్విను అమ్మగారు చేసినది చేయగలరు. వాదింపక ప్రక్కన కూర్చుండుట, వేడి అన్నము పెట్టుట, కలిసి పొలము గట్టున నడుచుట, చిన్న పని అప్పగించుట, కూటమునకు రాలేనివాని ఇంటికి మీరే వెళ్లుట. కౌపరు 27 సంవత్సరములు దేవాలయమునకు వెళ్లలేదు. స్నేహితులు ఆయనను విడువలేదు. తాను వ్రాసిన కీర్తనలు ఇతరులు పాడి నెమ్మది పొందుచుండగా, తాను వాటిని పాడలేకపోయెను. అట్టివాడు మీ సంఘములో ఉన్నయెడల, అతని పక్షముగా మీరు పాడుడి.

ప్రార్థన

ప్రభువా, గెత్సెమనే తోటలో కలవరపడి, మిగుల దుఃఖపడినవాడవు నీవే గనుక, భయముచేత వణకు నీ బిడ్డలను నీవు ఎరుగుదువు. మా సంఘములో నిద్రలేక కలతపడుచున్నవారిని నీ చేతితో పట్టుకొనుము. వైద్యులకు జ్ఞానమును, మందులకు గుణమును, ఇంటివారికి ఓర్పును దయచేయుము. బలహీనుని తీర్పు తీర్చు నోరు మాకు వద్దు. అతనితో నడుచు పాదములను మాకిమ్ము. వెలుగు కనబడని దినమునను నీవు మమ్మును విడువవని నమ్ముటకు సహాయము చేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.